రౌతు మెత్తనైతే

గుర్రపుశాల మీది గది,
ఆదివారం మధ్యాహ్నం

వదినా,

నువ్వు చెప్పినట్టే ఈ ఉత్తరం మీ డ్రైవింగ్ స్కూలు చిరునామాకే పంపుతున్నాను. ఫోన్లో మాట్లాడుకుందామంటే అన్నయ్య స్పీకరు పెట్టించి మధ్యలో దూరతాడు. నాకు చెప్పే బుద్ధులు సగం, నీకు చెప్పేవి సగం. ఉత్తరమైతే మనిద్దరి మధ్యే ఉంటుంది. నా అక్షరాలు చూసి కోడి గీరిందనుకోకు. కలం బాగోలేదు.

నిన్న నా దగ్గర స్వారీ నేర్చుకునే బ్యాంకు మేడం మొదటిసారి గుర్రమెక్కింది. యాభై దాటాయి ఆవిడకి. బ్యాంకులో ఎంతమందిని హడలగొడుతుందో తెలీదు గానీ, ఇక్కడ గుర్రం ముక్కు చీదితే నా వెనక దాక్కుంటుంది. నేను ఎవరినీ వచ్చిన రోజే జీను మీద కూర్చోబెట్టనని నీకు తెలుసుగా. ముందు పక్కన నిలబడటం, తర్వాత మాలీసు చెయ్యడం, తర్వాత పగ్గం పట్టుకుని నడిపించడం. ఎక్కడం ఆఖరున. "ఇన్నాళ్ళూ నిలబడటానికేనా ఫీజు కట్టించుకున్నారు?" అని దెప్పుతూనే నిన్న పంతులమ్మ మీద ఎక్కింది. పంతులమ్మంటే మా ముసలి తెల్లగుర్రం. ఈ ఊళ్ళో స్వారీ వచ్చిన ప్రతివాడూ దాని వీపు మీద నేర్చుకున్నవాడే. పైనున్న మనిషి జారుతున్నట్టు అనిపిస్తే అదే ఆగిపోతుంది, మనం చెప్పక్కర్లేదు. మేడం ఆవరణంతా ఒక చుట్టు తిరిగి దిగాక కళ్ళు తుడుచుకుంది. దుమ్ము పడిందట.

బొగ్గు గురించి అడిగావు. బాగానే ఉన్నాడు. పందేలకి పనికిరాడని వదిలించుకుంటే మా పాత యజమాని తెచ్చిన గుర్రం వాడు. వచ్చిన కొత్తలో మనిషి చెయ్యెత్తితే గోడకి అతుక్కుపోయేవాడు. నేను ఆ గదిలో ముక్కాలిపీట వేసుకుని ఊరికే కూర్చునేదాన్ని. కూర్చోగా కూర్చోగా ఒకనాడు వచ్చి నా భుజమ్మీద గడ్డం ఆనించాడు. ఇప్పుడు నేను తప్ప ఎవరెక్కినా ఒప్పుకోడు. అది గొప్పగా చెప్పడం లేదు, నా పనిలో అది లోపం కిందే లెక్క.

కొత్త యజమాని, అంటే అన్నయ్య చిన్ననాటి బెంచీ స్నేహితుడు, వార్షికోత్సవానికి పెద్ద ఏర్పాట్లు చేస్తున్నాడు. బొగ్గు గోడ దూకుతున్న బొమ్మతో ఊరంతా పోస్టర్లు అంటించాడు. పైన నేనున్నాను గానీ నా మొహం కనపడదు, గుర్రం చెవులే కనపడతాయి. మొన్న బొగ్గు కుడివైపు తిరగనని మొండికేస్తే ఆయన పక్కనే ఉన్నాడు. "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందమ్మా. నువ్వు మరీ మెత్తన" అన్నాడు. నేనన్నాను: "గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంటే, నాలుగోది నొప్పిగా ఉందేమోనని దిగి చూడాలండీ."

ఆయన నవ్వలేదు. నువ్వైనా నవ్వు.

నీ ఆడపడుచు


డ్రైవింగ్ స్కూలు,
శిక్షణకి ఎవరూ రాని మంగళవారం

మహారాజశ్రీ రౌతుగారి సముఖానికి వదిన రాయునది,

నవ్వాను. పక్కనున్న క్లర్కు ఏమిటని అడిగితే గుర్రం జోకు అని చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు.

ఇక్కడ నా శిష్యుల సంగతి విను. రిటైరైన ఒక పెద్దమనిషి ఉన్నాడు, ఎదురుగా లారీ వస్తే కళ్ళు మూసుకుంటాడు. "ఎందుకండీ?" అంటే "చూడలేకమ్మా" అంటాడు. నా కాళ్ళ దగ్గర రెండో బ్రేకు ఉంది కాబట్టి బతికి బట్టకట్టాను. నీ గుర్రాలకి రెండో బ్రేకు ఎక్కడుంటుందో ఏనాడూ చెప్పలేదు నువ్వు.

మీ అన్నయ్య షాపు మూసి వచ్చి భోజనాల దగ్గర నీ కబుర్లే. "నా మాట మీద కదా వాడు దాన్ని ఉంచుకున్నాడు, అది కాస్త అణిగిమణిగి ఉండాలి. కానీ తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటుంది చిన్నప్పట్నించీ" అన్నాడు. నేను పప్పు వడ్డిస్తూ ఊరుకున్నాను. నీ తరఫున మాట్లాడితే నాకూ ఒక కుందేలు అంటగడతాడు.

సరే. ఇప్పుడు అసలు మాట. కలం బాగోకపోతే అక్షరాలు మసగ్గా రావాలి గానీ ఎడమవైపుకి ఒరిగిపోవు. ఎడమచేత్తో రాశావు నువ్వు. రోజూ స్టీరింగు మీద పదిమంది చేతులు చూసేదాన్ని, నా దగ్గరా నీ దాపరికం? కుడిచేతికి ఏమైంది? నిజం రాయి. రాయకపోతే ఈసారి ఉత్తరం కాదు, నేనే వస్తాను.

నీ వదిన


గుర్రపుశాల మీది గది,
శుక్రవారం

వదినా,

రావద్దు, రాస్తున్నాను.

మణికట్టు బెణికింది. విరగలేదు, కట్టు కట్టారు. చిన్న అడ్డం దూకిస్తున్నప్పుడు బొగ్గు కుడి ముందుకాలు నేలమీద పడగానే మడతపడిపోయింది. వాడు మోకాళ్ళ మీద, నేను వాడి తల పక్కన. లేచి చూస్తే వాడు పారిపోలేదు. పగ్గాలు వేలాడుతుంటే అక్కడే నిలబడి వణుకుతున్నాడు. కాలి వెనకాల నరం తాడులా ఉబ్బింది. ముట్టుకుంటే పొయ్యి మీద గిన్నెలా కాలింది.

పశువుల డాక్టరు వచ్చి నొక్కి చూసి, "నరం సాగింది. ఎండాకాలం పోయేదాకా దీన్ని ఎవరూ ఎక్కకూడదు. గోడలు దూకిస్తే తెగుతుంది. తెగితే ఇక నిలబడదు" అని యజమాని ముందే చెప్పాడు. కాబట్టి ఇందులో ఎవరికీ తెలీనిదేమీ లేదు వదినా. యజమానికీ తెలుసు.

"నొప్పి తెలీకుండా ఒక సూది పొడవండి, ఆ ఒక్కరోజుకి" అన్నాడాయన.

"పొడవను" అన్నాడు డాక్టరు, పెట్టె మూసుకుంటూ.

డాక్టరు వెళ్ళాక యజమాని నావైపు తిరిగాడు. "నీ చెయ్యి అప్పటికి నయమైపోతుందిగా? నువ్వు బరువు లేవు. ఒక్క గోడ. ఊరంతా పోస్టర్లు వేశానమ్మా, పరువు పోతుంది."

"నేనెక్కనండీ."

"ఇది అడగడం కాదు, చెప్పడం."

"నేనూ చెప్తూనే ఉన్నానండీ."

మర్నాటినుంచి పెద్దవాళ్ళ క్లాసులు నాకు లేవు. పొద్దున్న శాలలు ఊడవాలి, సాయంత్రం చిన్నపిల్లల్ని ఎక్కించి పగ్గం పట్టుకుని నడవాలి. అదీ శిక్ష. పార పట్టుకోవడం నాకేం నామోషీ కాదు. ఇరవయ్యేళ్ళ కిందట దాంతోనే మొదలుపెట్టాను. ఒంటిచేత్తో పేడ ఎత్తుతుంటే బ్యాంకు మేడం ఇస్త్రీ చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చింది. "నా క్లాసు మీతోనేనని డబ్బు కట్టాను. ఇంకో పార ఉందా?" అంది. ఆవిడ వెనకే ఆ క్లాసులో మిగతా నలుగురూ. పేడ చూసి గుర్రానికి అరుగుదల ఎలా ఉందో తెలుసుకోవడం ఆ పూట పాఠం. యజమాని మేడ మీంచి చూస్తూ ఉండిపోయాడు.

ఇక అన్నయ్య కుందేలు సంగతి. ఆ సామెత నాకు వర్తించదని చెప్పాలని ఉంది. నేను గుర్రానికి నాలుగు కాళ్ళూ ఉన్నాయంటున్నదాన్ని.

కానీ ఇప్పుడే చెప్పకు. పడ్డానని తెలిస్తే ఊరుకోడు. ఈ సంగతి నీ దగ్గరే ఉంచుకో.

నీ ఆడపడుచు


డ్రైవింగ్ స్కూలు,
గురువారం

చిరంజీవి ఆడపడుచుకి,

ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమం. చేతికి వేడినీళ్ళ కాపడం పెట్టుకో.

నువ్వు చేసింది తప్పని అనను. కానీ పట్టూ విడుపూ రెండూ ఉండాలంటారు. వార్షికోత్సవం ఒక్కరోజే కదా. అప్పటికి దాని కాలు కాస్త నయమైతే, గోడ కాకుండా ఊరికే ఒక చుట్టు తిప్పితే ఆయనకీ మాట దక్కుతుంది, నీకూ ఉద్యోగం దక్కుతుంది. పోరు నష్టం, పొందు లాభం అన్నారు. ఆలోచించు.

పని ఉంది. ఉంటాను.

వదిన


గుర్రపుశాల,
శనివారం

గౌరవనీయులైన వదినగారికి,

మీ ఉత్తరం చదివి, ఇది మా వదిన రాసింది కాదే, పోరు నష్టం పొందు లాభం మా అన్నయ్య మాట కదా అనుకున్నాను. ఎందుకో ఇవాళ తెలిసింది.

పొద్దున్న యజమాని పిలిచి కుర్చీ వేయించాడు. ఇన్నాళ్ళలో ఆయన నాకు కుర్చీ వేయించడం ఇదే మొదలు. "ఇక పంతం ఎందుకమ్మా? మీ అన్నయ్య ఫోను చేశాడు. చెల్లెలు ఎక్కుతుంది, నేను మాటిస్తున్నాను అన్నాడు. నువ్వు పడ్డావని బాధపడ్డాడు కూడా. మంచివాడు" అన్నాడు.

నేను పడ్డ సంగతి ఈ భూమ్మీద ఒక్క మనిషికే రాశాను.

తెలిసి చెప్పారా, నోరు జారారా? అన్నయ్య మాటిచ్చిన సంగతి మీకు తెలిసే ఆ ఉత్తరం రాశారా? ఈ రెండింటికీ జవాబు చాలు. కాపడం సంగతి నేను చూసుకుంటాను.

ఇట్లు,
గుర్రాల టీచరు


మా ఇంటి వంటగది,
బుధవారం

ఏమే,

"గారు" తీసి అవతల పారెయ్యి. నన్ను తిట్టాలంటే నువ్వు అనే తిట్టు.

జవాబులు రాస్తున్నాను. తెలిసే చెప్పాను. నోరు జారలేదు. గుర్రం తల పక్కన పడ్డానని రాశావు. నాలుగు వేళ్ళు అటైతే ఏమయ్యేదో ఆ రాత్రంతా కళ్ళముందు కనపడింది. మీ అన్నయ్యని లేపి చెప్పాను. నిన్ను ఆ గుర్రమ్మీదికి ఎక్కనివ్వొద్దని మీ యజమానితో చెప్పమన్నాను. నువ్వు మెడ విరగ్గొట్టుకుంటావని భయం వేస్తే మళ్ళీ చెప్తాను, వందసార్లు చెప్తాను. ఇందుకు క్షమించమని అడగను.

కానీ నేను చెప్పమంది ఒక మాట, ఆయన ఇచ్చింది ఇంకో మాట. ఫోన్లో వాడు "మన స్నేహం" అన్నాడట, "నీ ముఖం చూసి ఉంచుకున్నాను" అన్నాడట. ఈయన మెత్తబడి "నేను చెప్తే వింటుందిలే" అనేశాడు. నాకు ఆ సాయంత్రమే చెప్పాడు. రెండోదానికి అదీ జవాబు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని నీకు రాయలేదు. అడకత్తెరలో పోకచెక్కలా మధ్యలో కూర్చుని ఆ పనికిమాలిన ఉత్తరం రాశాను. దాన్ని చింపెయ్యి.

నిన్న నీ ఉత్తరం వచ్చాక స్కూలుకి సెలవు పెట్టి నేరుగా ఆయన షాపుకే వెళ్ళాను. కొనేవాళ్ళున్నారు. ఉంటే ఉన్నారు.

"ఎవరి మాట ఎవరికిచ్చారు మీరు?" అన్నాను.

"నా చెల్లెలు కాదా?"

"చెల్లెలు మీదే. నడుం దానిది, చెయ్యి దానిది, మాట దానిది. నేను బండి నేర్పుతుంటే పక్కింటాయన వచ్చి ఫలానావాణ్ణి పరీక్ష పాసు చేయిస్తుందని నా తరఫున మాటిస్తే ఒప్పుకుంటానా?"

"గొడవైతే దానికి నిలువనీడ ఉండదే."

"ఉంది. మన ముందుగది ఉంది. దానికి మీ అనుమతి అడగడానికి రాలేదు. చెప్పడానికి వచ్చాను."

ఆయన కొనేవాళ్ళవైపు తిరిగాడు. రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. తినకపోతే నేనూ బతిమాలలేదు.

ఆయనిచ్చిన మాట ఆయనది. నువ్వు ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. ఎక్కుతావో మానతావో నీ ఇష్టం. ఏదైనా చేసి, చేసింది ఉన్నదున్నట్టు నాకు రాయి. ఈసారి ఎవరికీ చెప్పను. భయం వేస్తే స్టీరింగు పట్టుకుంటాను.

నీ వదిన


బ్యాంకు మేడం వాళ్ళ ముందుగది,
వార్షికోత్సవం మర్నాడు

వదినా,

చిరునామా చూసి కంగారు పడకు. ఎముకలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఉద్యోగమూ గదీ మాత్రం లేవు. జరిగింది వరసగా రాస్తాను.

నీ ఉత్తరం చేరిన రోజే యజమాని దగ్గరికెళ్ళి చెప్పేశాను: "మా అన్నయ్య ఇచ్చిన మాట ఆయన్నే నిలబెట్టుకోమనండి. ఆయన ఎక్కుతానంటే కాలు పెట్టడానికి రికాబు నేను పట్టుకుంటాను." ఆయన మొహం ఎర్రబడింది. "నువ్వు కాకపోతే లోకంలో రౌతులే లేరా?" అన్నాడు. అన్నట్టే పొరుగూరి క్లబ్బునుంచి ఒకతన్ని పిలిపించాడు. పెద్ద పెద్ద అడ్డాలు దూకించేవాడని పేరు. గుర్రానికి కాలు బాగోలేదని అతనికి చెప్పలేదు. కాస్త మొండిది, లొంగదీయాలి అని మాత్రం చెప్పాడట.

ఆ ఉదయం నాకప్పగించిన పని కుర్చీలు సర్దడం. మైదానం నిండా జనం. పిల్లల తల్లిదండ్రులు, నా పాత శిష్యులు, ఊళ్ళో పెద్దలు. మధ్యలో ఇటుకరంగు వేసిన చెక్కగోడ. ఎక్కనంటే నా చేతులు శుభ్రంగా ఉంటాయి వదినా, కానీ వాడి కాలు మిగలదు. నేను తప్పుకుంటే ఇంకొకడు ఎక్కుతాడు. కుర్చీలు వేస్తున్నంతసేపూ ఇదే లెక్క. ఎంత తిప్పినా ఒకచోటికే వచ్చింది.

మైకులో బొగ్గు పేరు పిలవబోయేముందు శాలలోకి వెళ్ళాను. జీను వేసి, నాలుగు కాళ్ళకీ తెల్ల కట్లు చుట్టి నిలబెట్టారు వాణ్ణి. జీను విప్పాను. కట్లు విప్పాను. కళ్లెం తీసి ఉత్త తాడు వేశాను. గుర్రాల్ని చూసుకునే సాయిసు తాత చూశాడు, వెళ్ళి తలుపు బార్లా తెరిచాడు.

మైదానంలో ఇసుక మెత్తన. ఇసుకలో కుంటు అంతగా కనపడదు. అందుకని కుర్చీల ముందునుంచి పోయే రాళ్ళబాట మీదికి తీసుకెళ్ళాను. పక్కన నేనూ పరిగెడుతూ వాణ్ణి చిన్న పరుగులో నడిపించాను, ఈ చివరనుంచి ఆ చివరిదాకా. నేనేమీ ఉపన్యాసం ఇవ్వలేదు. లాడాల చప్పుడే చెప్పింది. మంచి గుర్రం పరుగు గడియారంలా ఉంటుంది వదినా. ఇది అలా లేదు. మూడు దెబ్బలు గట్టిగా, ఒకటి తడబడుతూ. కుడికాలు నేలని తాకినప్పుడల్లా తల ఎగరేస్తున్నాడు. చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చేటప్పటికి మైదానంలో మాటలన్నీ ఆగిపోయాయి.

మొదట గొంతు విప్పింది మా బ్యాంకు మేడం. "అది కుంటుతోంది. దీన్నా గోడ దూకించేది?" కౌంటరు దగ్గర మాట్లాడే గొంతు, మైకు అక్కర్లేదు.

యజమాని పరుగున వచ్చి నా చేతిలో తాడు పట్టుకున్నాడు. "ఏమిటిది? నలుగురిలో నన్ను..."

"నలుగురిలో మిమ్మల్ని ఏమీ అనలేదండీ. గుర్రాన్ని నడిపించాను."

అప్పుడు ఆ పొరుగూరి రౌతు వచ్చాడు. బూట్లు మెరుస్తున్నాయి, కుర్రతనం ఇంకా పోలేదు. వంగి కాలు తడిమాడు. తలమీద టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "నేనెక్కనండీ" అన్నాడు. నేనన్న మాటే, అదే ముక్క. నాకు అంతదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. బొగ్గు మెడచాటున దాచుకున్నాను.

సాయంత్రానికి నా పెట్టె గుమ్మం బయట ఉంది. "ఈ ఆవరణలో మళ్ళీ అడుగు పెట్టావంటే..." అన్నాడాయన. మిగతాది పూర్తి చెయ్యలేదు. "గది తాళం సాయిసు తాతకిచ్చాను" అని చెప్పి వచ్చేశాను.

మీ ముందుగదికి రమ్మన్నావు. వస్తే నాకు హాయిగానే ఉంటుంది, అందుకే రాను. ఈ ఊళ్ళో సగం నేర్చుకున్నవాళ్ళు ఐదుగురున్నారు నాకు. బండి సగం దారిలో ఆపి దిగిపోయే టీచర్ని నువ్వైనా మెచ్చవు.

అన్నయ్యకి ఇది చదివి వినిపించు. ఈసారి నేనే చెప్పమంటున్నాను.

నీ ఆడపడుచు


మా ఇల్లు,
బుధవారం

మా ఆడపడుచుకి,

చదివి వినిపించాను. రాళ్ళబాట దగ్గరికొచ్చేసరికి ఆయనే ఉత్తరం లాక్కుని మిగతాది చదువుకున్నాడు. చదివి కళ్ళజోడు తుడుచుకుని "మణికట్టు నయమైందా?" అన్నాడు. అంతే.

నిన్న రాత్రి ఆ యజమాని ఫోను చేశాడు. మీ అన్నయ్యకి అలవాటేగా, స్పీకరు పెట్టాడు. నేను గిన్నెలు ఆపి గుమ్మంలో నిలబడ్డాను.

"నీ చెల్లెలు నా పరువు తీసింది. నువ్వు మాటిచ్చావు, నమ్మాను. సరే, పాత స్నేహం కాబట్టి ఒక అవకాశం ఇస్తున్నాను. వచ్చి క్లాసు పిల్లలందరి ముందూ తప్పయిందని ఒక్క మాట అంటే మళ్ళీ తీసుకుంటాను. నువ్వు చెప్పు, నీ మాట వింటుంది."

ఈయన ఫోను దగ్గరికి జరుపుకుని, "గుర్రం కాలు ఎలా ఉందిరా?" అన్నాడు.

"గుర్రం సంగతి నేను మాట్లాడటం లేదు."

"నేను మాట్లాడుతున్నాను. కాలు ఎలా ఉంది?"

"ఉంటుందిలే. నీ చెల్లెలి సంగతి చెప్పు."

"నా చెల్లెలి సంగతి దాన్నే అడుగు. నేను మాటిచ్చింది పొరపాటు. అది నాది కాదు, ఇవ్వడానికి. ఉంటాను."

ఫోను పెట్టేశాక నావైపు చూడకుండా మంచినీళ్ళు తాగాడు. ముప్పయ్యేళ్ళ స్నేహం అది, పాపం. అయినా, పెట్టింది పెట్టేశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి ఈ మనిషికి నేనే వెళ్ళి అన్నం వడ్డించాలనిపించింది. లేకపోతే గిన్నెలు ముందుకి తోసేదాన్ని కదా.

ఇకమీదట ఉత్తరాలు ఇంటికే రాయమన్నాడు. తనూ చదువుతాడట. మధ్యలో దూరనని చెప్పాడు. చూద్దాం.

నువ్వేం చేస్తావని నేను అడగను. ఆ ఒక్క మాటా అంటే నీ గుర్రం నీకు దక్కుతుందని మాత్రం నాకూ తెలుసు. ఏం చేసినా మా ఇంట్లో ఇద్దరం నీవైపే.

నీ వదిన


మూతపడిన ఇటుకబట్టీ ఆవరణ,
వానలు మొదలైన వారం

వదినా, అన్నయ్యా,

ఇద్దరికీ కలిపి రాయడం కొత్త. ఎవరిని ఏడిపించాలో తెలియడం లేదు.

ఈ చోటు బ్యాంకు మేడం తమ్ముడిది. ఇటుకలు కాల్చడం మానేశాక పాములకి వదిలేశారు. మేమంతా కలిసి బాగుచేశాం. మధ్యలో గుండ్రంగా వెదుళ్ళు కట్టాం. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటూ యజమాని పంతులమ్మని వదిలించుకోబోతే మేడం తెచ్చేసుకుంది. ఐదుగురు శిష్యులు, ఒక ముసలి గుర్రం. ఒకరు ఎక్కితే నలుగురు కింద నిలబడి తప్పులు పడతారు. ఇంత బాగా ఎప్పుడూ నేర్పలేదు నేను.

ఇక బొగ్గు సంగతి.

యజమాని మనిషిని పంపాడు, తర్వాత తనే వచ్చాడు. కారు దిగకుండా అద్దం దించి, "కాలు నయమైంది. ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు, సరిగ్గా తినడం లేదు. నువ్వు రా. ఆ ఒక్క మాట అను. లేకపోతే వేరే ఊరు పంపించేస్తాను" అన్నాడు.

నాకు వాడి ఎముకలు కళ్ళముందు కనపడ్డాయి. నోటిదాకా వచ్చింది వదినా. తప్పయింది అనడానికి ఎంతసేపు? కానీ వెదుళ్ళ దగ్గర ఐదుగురూ నిలబడి వింటున్నారు. గుర్రానికి నొప్పి అనిపిస్తే ఎవరు ఏమన్నా సరే ఆపమని ఆ పూటే చెప్పాను వాళ్ళకి.

"రోజూ వచ్చి దాణా పెడతానండీ, జీతం వద్దు. మీరు ఎవరిని పెట్టుకుంటే వాళ్ళకి వాడితో ఎలా ఉండాలో నేర్పుతాను. ఆ మాట మాత్రం అనను."

అద్దం పైకి వెళ్ళిపోయింది. ఆ రోజు నేను ఏం తిన్నానో ఏం నేర్పానో గుర్తులేదు. నా పంతం వాణ్ణి బలి తీసుకుంటోందా అని నన్ను నేనే ఎన్నిసార్లు అడిగానో. అయినా వెళ్ళలేదు.

నిన్న పొద్దున్న యజమాని మళ్ళీ వచ్చాడు. ఈసారి కారు దిగాడు. బొగ్గుని అమ్మేశాడట. వాడు లారీ ఎక్కడం లేదు. నలుగురు తోశారు, తాళ్ళు కట్టారు, కొరడా తీశారు. వాడు తన్నిన తన్నుకి లారీ తలుపు ఊడింది. "నువ్వొస్తే..." అన్నాడు. ఆ ఒక్క మాట సంగతి ఎత్తలేదు.

వెళ్ళాను.

లారీ పక్కన నిలబడ్డది ఎవరనుకున్నావు? ఆ పొరుగూరి రౌతు. కొన్నది అతనే. "ఆ రోజు వాడి కాలు పట్టుకున్నప్పట్నించీ నిద్ర పట్టలేదండీ. మా క్లబ్బువాళ్ళ కాళ్ళావేళ్ళా పడి కొనిపించాను. మీరు ఉంచుకుంటానంటే మీ దగ్గరే వదిలేస్తాను" అన్నాడు. ఇటుకబట్టీలో రెండో గుర్రానికి నీడ లేదు, గడ్డి లేదు. నా దగ్గర లేనిది లేనట్టు చెప్పాను.

అందరినీ దూరం పొమ్మన్నాను. తాళ్ళు విప్పించాను. బొగ్గు ఒళ్ళంతా చెమట. వాడి పక్కనుంచి నడిచి లారీలోకి ఎక్కి గడ్డి మీద కూర్చున్నాను. బయట ఎంతసేపు నిలబడ్డారో ఏమో. లారీ ఎక్కే పలకమీద వాడి కాలు ఒకటి పడింది, తీశాడు. మళ్ళీ పడింది. తర్వాత నా భుజం మీద వేడి ఊపిరి. నాలుగు కాళ్ళూ సరిగ్గా పడ్డాయి, చప్పుడు లెక్కపెట్టుకున్నాను.

ఆ కుర్రాణ్ణి లోపలికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. కుడివైపునుంచి చెయ్యెత్తవద్దని, ముందు గొంతు వినిపించాకే ముట్టుకోమని, బెల్లం కన్నా క్యారెట్టు ఇష్టమని చెప్పాను. అతను తల ఊపుతూ విన్నాడు. వాడు అతని చొక్కా వాసన చూసి, ఏమీ తేల్చుకోకుండా గడ్డి అందుకున్నాడు. అది చాలు, లేచి దిగాను. వెనక్కి చూస్తే వాడూ దిగుతాడని చూడలేదు.

లారీ వెళ్ళాక యజమాని నా పక్కకి వచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉన్నాడు. "ఎండలో నిలబడ్డావు. లోపలికి రా. టీ తాగి వెళ్ళు" అన్నాడు.

నా ముఖమంతా తడిగా ఉంది. తుడుచుకోలేదు. చూస్తే చూడనీ.

"క్లాసుకి టైమైందండీ" అని చెప్పి పెద్ద గేటులోంచి బయటికి నడిచాను.

మీ
గుర్రాల టీచరు